బడి సొమ్ముకు అసలు లెక్క: గిడుగు రామమూర్తి పంతులు

ప్రజలు చెల్లించిన పన్నులలో కొంత ఒక బడికి గ్రాంటుగా ముట్టినప్పుడు, ఇచ్చినవారు దేనిని చూసి తృప్తి పడవలె? హాజరు పట్టీని చూసియా, పిల్లవానికి చెప్పినది బోధపడినదా అని విచారించియా? గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు తమ జీవితంలో అధికభాగం ఈ ప్రశ్నకు సమాధానం వెదకుటలోనే గడిపారు.

ఆయన 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం సీమలో, శ్రీముఖలింగ క్షేత్రానికి చేరువనున్న పర్వతాలపేటలో జన్మించారు. బాల్యంలోనే తండ్రి వీర్రాజుగారు గతించగా, విజయనగరం చేరి మహారాజావారి పాఠశాలలో చదువుకొన్నారు. గురజాడ అప్పారావుగారు అక్కడ ఆయనకు సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ ముగించి, మరుసటి ఏడు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు 30 రూపాయల జీతంపై ఉపాధ్యాయులుగా చేరారు.

పర్లాకిమిడి నాడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చేరినది. 1854 నాటి విద్యావిధాన ప్రకటనతో, ప్రైవేటు యాజమాన్యాల బడులకు సర్కారు గ్రాంటు ఇచ్చే పద్ధతి ఏర్పడింది. పిమ్మట 1871, 1884 చట్టాల మూలంగా వెలసిన స్థానిక బోర్డులు ప్రాథమిక విద్య భారాన్ని కొంత వహించినవి. తనిఖీ అధికారి వచ్చి, చదువు, వ్రాత, లెక్కలు పరీక్షించి, ఉత్తీర్ణులైన పిల్లల సంఖ్యను బట్టి గ్రాంటు నిర్ణయించే ఆచారం ఆ శతాబ్దంలో చాలాకాలం సాగింది. పరుల సొమ్ము దుర్వినియోగం కాకుండా ఇట్టి కట్టుబాటు అవసరమే. కాని వల్లించిన పాఠాన్ని తడబడక ఒప్పజెప్పినవానికి దాని అర్థం తెలిసినదో లేదో ఆ పట్టీలకు ఎక్కదు.

ఆ లోపం పంతులుగారికి సవరల నడుమ స్పష్టంగా కనబడింది. పర్లాకిమిడి చుట్టుపట్ల కొండలలోని సవర బిడ్డలకు తెలుగు పరభాష. పరభాషలో బడి పెట్టి, వారు చదువుకు పనికిరారనుట అన్యాయమని ఆయన తలచారు. తెలుగు, సవర రెండూ ఎరిగిన ఒకనిని తమ యింటనే నిలుపుకొని ఆ భాష నేర్చుకొన్నారు. సవరలో వాచకాలు వ్రాశారు; సొంత డబ్బుతో సవరలకు బడులు నెలకొల్పారు. ఈ కృషికి సర్కారు పారితోషికం ఇవ్వజూపగా ఆయన స్వీకరింపక, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టి, తమ పుస్తకాలను అందులో బోధింపజేయమని కోరారు. 1913లో ఆయనకు రావు బహదూర్ బిరుదు లభించింది.

ఇంతకు ముందే, 1907 ప్రాంతాన, జె.ఎ. యేట్సు దొర ఉత్తర జిల్లాల పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చారు. ప్రజలు మాట్లాడే తెలుగుకూ, పుస్తకాల తెలుగుకూ ఇంత అంతరమేమని ఆయనకు సందేహం కలిగింది. విశాఖపట్టణంలో కళాశాలాధ్యక్షులైన పి.టి. శ్రీనివాస అయ్యంగారు, దీనికి గురజాడ, గిడుగు సమాధానం చెప్పగలరని సూచించారు. తనిఖీదారు పట్టీని దాటి ప్రశ్న వేసిన ఆ రోజున వ్యావహారిక భాషోద్యమానికి నాంది పలికినట్లయింది. సవర బిడ్డకు తెలుగు ఎట్టిదో, తెలుగు బిడ్డకు గ్రాంథికం ఇంచుమించు అట్టిదేయని పంతులుగారి వాదం.

1912-13లో స్కూలుఫైనలు వ్యాసాన్ని ఆధునిక భాషలోనూ వ్రాయవచ్చునని ఉత్తరువు వెలువడింది. జయంతి రామయ్య పంతులుగారి ప్రభృతులు తీవ్రంగా ప్రతిఘటింపగా, 1914లో ఆ వెసులుబాటు రద్దయింది. పంతులుగారు మాత్రం వెనుదీయలేదు. 1919లో ‘తెలుగు’ అనే పత్రికను నెలకొల్పి, తమ వాదాన్ని ఊరూరా వినిపించారు. ఆయన సవర వ్యాకరణాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వమే అచ్చువేయించింది.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరగా, దశాబ్దాలు నివసించిన యిల్లు విడిచి ఆయన రాజమహేంద్రవరం వెళ్లారు. 1940 జనవరి 22న పరమపదించారు.

ఆయన పుట్టిననాడు నేడు తెలుగు భాషా దినోత్సవం జరుపుకొంటున్నాము. సర్కారు సొమ్ముతో నడిచే ప్రతి బడికీ ఆ దినం మరొక తనిఖీ దినం కూడా కావలె. జమాఖర్చు సరిపోయిన పిమ్మట, వెనుక బల్లమీది పిల్లవాడిని పిలిచి, ఏమి తెలిసినదో వాని మాటలలోనే చెప్పమనుట ఆ తనిఖీ.