పిడికెడు ఉప్పు, ఆకాశమునుండి అగ్ని

ధ్యాన భాగము: లూకా 9:51-56

సమరయుల గ్రామమొకటి యేసుప్రభువును చేర్చుకొననప్పుడు యాకోబు యోహానులు ఆ గ్రామము మీదికి ఆకాశమునుండి అగ్నిని రప్పింపగోరిరి. ప్రభువు వారిని గద్దించి, వేరొక గ్రామమునకు సాగిపోయెను. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీదను, 9న నాగసాకి మీదను ఆకాశమునుండి అగ్ని నిజముగనే పడినప్పుడు, ఆ గద్దింపు క్రైస్తవ లోకములో అనేకులకు జ్ఞాపకము రాలేదు. కొండమీద ప్రసంగమును ప్రేమించి, క్రైస్తవ సంఘములో మాత్రము చేరని ఒక హైందవుడు ఆ దినములలో దాని భావమును లోకమునకు జ్ఞాపకము చేసెను. ఆయన మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ. ఆయన జీవితములోని మూడు గొప్ప ఘట్టములు నాటి సూరతు జిల్లాతో ముడిపడి యున్నవి. బార్డోలి, దండి, ధారాసన అను ఆ మూడు ఊళ్ళ కథ తెలియనిదే అణుబాంబును గూర్చిన ఆయన తీర్పునకు గల బరువు తెలియదు.

కొండమీద ప్రసంగము చదివిన యువకుడు

గాంధీజీ 1869 అక్టోబరు 2న పోరుబందరులో జన్మించెను. 1888లో న్యాయశాస్త్రము చదువుటకు లండను వెళ్ళినప్పుడు ఒక క్రైస్తవ మిత్రుడు ఆయనకు బైబిలు నిచ్చెను. పాత నిబంధనలో అనేక భాగములు ఆయనకు నిద్ర తెప్పించినవి. కాని కొండమీద ప్రసంగము చదివినప్పుడు అది నేరుగ హృదయములోనికి దిగిపోయెను. కీడునకు ప్రతిగా మేలు చేయవలెనని బాల్యమున నేర్చిన గుజరాతీ పద్యమునకు అది తోడాయెను.

1893లో దక్షిణాఫ్రికా చేరిన తరువాత ఆయన వెల్లింగ్టనులో ఆండ్రూ మర్రే అధ్యక్షతన జరిగిన ఉజ్జీవ కూటములకు హాజరాయెను. దేవుని రాజ్యము మన లోపలనే యున్నదను టాల్‌స్టాయి గ్రంథము 1894లో ఆయనను లోతుగ కదిలించెను. 1908లో జొహానెస్‌బర్గు వీధిలో దెబ్బలు తిని స్పృహ తప్పి పడిపోయినప్పుడు బాప్టిస్టు దైవజనుడైన జోసఫ్ డోక్ ఆయనను తన ఇంటికి తీసికొనిపోయి, కుటుంబ సమేతముగ పరిచర్య చేసెను. గాంధీజీని గూర్చిన మొదటి జీవిత చరిత్రను 1909లో ప్రకటించినవాడు ఈ డోక్ గారే.

అయితే గాంధీజీ యుద్ధము నెరుగని స్వాప్నికుడు కాడు. బోయరు యుద్ధములో గాయపడినవారిని మోయు దళమును కూర్చి తానే నడిపించెను. 1906లో జూలూల తిరుగుబాటు కాలమునను అట్టి సేవయే చేసెను. 1918లో బ్రిటిషు సైన్యమునకు మనుష్యులను చేర్చుటకై ఖేడా జిల్లాలో ఊరూర తిరిగెను. ఆయనను పూజించువారు ఈ సంగతిని దాటవేయుదురు; దాటవేయుట న్యాయము కాదు. ఆయన అహింస పుట్టుకతో వచ్చిన సాధుగుణము కాదు. తప్పులు చేయుచు, వాటిని ఒప్పుకొనుచు, క్రమక్రమముగ నేర్చుకొనిన క్రమశిక్షణ అది.

బార్డోలి నేర్పిన పాఠము

1922 ఫిబ్రవరిలో సూరతు జిల్లాలోని బార్డోలి తాలూకా పన్నుల నిరాకరణమునకు సిద్ధమై యుండెను. దేశమంతయు అటు చూచుచుండెను. మన గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కాలో రైతులు పన్నులు కట్టక నిలిచిన దినములును అవే. ఇంతలో ఫిబ్రవరి 5న ఉత్తర హిందూస్థానములోని చౌరీచౌరాలో ఆగ్రహించిన జనులు పోలీసు ఠాణాకు నిప్పు పెట్టగా 22 మంది పోలీసువారు మరణించిరి. గాంధీజీ బార్డోలిలోనే ఉద్యమమును నిలుపుదల చేయించి, ఐదు దినములు ఉపవాసముండెను. చెరసాలలలోనున్న నాయకులు మండిపడిరి. ఎక్కడనో జరిగిన నేరమునకు గెలుపు వాకిటనున్న ప్రజలు ఏల నష్టపడవలెనని వారు ప్రశ్నించిరి.

ఆ ప్రశ్న చులకనైనది కాదు. కాని మార్గము చెడినయెడల గమ్యముకూడ చెడునని గాంధీజీ నమ్మెను. విత్తనము ఒకటి, పంట వేరొకటి కానేరదు. స్వరాజ్యమును ఆలస్యము చేసుకొనుటకైనను ఆయన ఒప్పుకొనెను గాని కాల్చబడిన శవముల మీదుగా దానిని చేరుకొనుటకు ఒప్పుకొనలేదు.

దండి, ధారాసన

1930 మార్చి 12న గాంధీజీ 78 మంది అనుచరులతో సబర్మతి ఆశ్రమమునుండి బయలుదేరెను. వారిలో ఆంధ్రుడైన యెర్నేని సుబ్రహ్మణ్యము గారును, కేరళకు చెందిన మార్తోమా క్రైస్తవుడైన టైటస్ గారును ఉండిరి. సుమారు 240 మైళ్ళు నడిచి, సూరతు నగరముమీదుగా ఏప్రిల్ 5న దండి తీరము చేరిరి. మరునాటి ఉదయము ప్రార్థనానంతరము ఆయన వంగి పిడికెడు ఉప్పు తీసికొనెను. ఆయుధమన అదియే. మే 5న, అర్ధరాత్రి దాటిన తరువాత, సమీపమునందలి కరాడీ గ్రామములో ఆయనను నిర్బంధించిరి.

నాయకుడు చెరలోనుండగనే మే 21న, హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు గారి నాయకత్వమున, సుమారు 2,500 మంది ధారాసన ఉప్పు కొటారుల వైపు సాగిరి. పోలీసువారు ఇనుప పొన్నుల లాఠీలతో తలలు పగులగొట్టిరి. ఒక వరుస కూలగా మరియొక వరుస ముందునకు వచ్చెను. దెబ్బను ఆపుకొనుటకు చెయ్యి యెత్తినవారు లేరు. కొట్టువాడు కొట్టబడువాని ముఖమును చూడక తప్పలేదు. ఈ మాట గుర్తుంచుకొనదగినది. ఏలయనగా అణుబాంబు ఆ ముఖమునే కనబడకుండ చేయును.

బాంబునకు చెప్పిన జవాబు

హిరోషిమాకు బయలుదేరిన విమాన బృందము కొరకు ఒక సైనిక పాదిరి ప్రార్థించి పంపెను. ఆ యేడాది ముగియునప్పటికి ఆ నగరములో సుమారు 1,40,000 మంది, నాగసాకిలో సుమారు 70,000 మంది మరణించిరని అంచనా. నాగసాకిలో తరతరముల హింసను ఓర్చి నిలిచిన క్రైస్తవుల ఆలయమును ఆ దినమున కూలిపోయెను.

గాంధీజీ తొందరపడి మాటలాడలేదు. 1946లో హరిజన్ పత్రికలో తన తీర్పును వెల్లడించెను. బాంబు భయమే లోకమునకు అహింస నేర్పునని కొందరు అమెరికా మిత్రులు చెప్పగా ఆయన అంగీకరింపలేదు. మితిమీరి తిని వెగటు పుట్టినవాడు కొంతసేపు మానినను మరల రెట్టింపు ఆశతో తినునట్లే, భయపడిన లోకము మరల హింసకే తిరుగునని హెచ్చరించెను. యుగయుగములుగ మానవుని నిలిపిన సున్నితమైన మనస్సును ఈ ఆయుధము మొద్దుబార్చినదనియు, యుద్ధమునకుండిన కొద్దిపాటి నియమములను తుడిచివేసినదనియు, ఓడిన దేశము దేహమున నష్టపడగా గెలిచిన దేశపు ఆత్మకు ఏమి కానున్నదో ఇంకను తేలలేదనియు ఆయన భావము. 1948 జనవరి చివరి దినములలో ఒక అమెరికా పత్రికా విలేఖరి అడుగగా, బాంబు వచ్చినప్పుడు తాను దాగుకొనక ఆరుబయట నిలిచి, విమానములోనివాని యెడల ద్వేషములేక ప్రార్థింతునని చెప్పెను. జనవరి 30న ప్రార్థనా సభకు పోవుచు తుపాకి గుండ్లకు నేలకొరిగెను.

సంఘము చేయవలసిన విచారణ

గాంధీజీ యేసును గురువుగ గౌరవించెను గాని ఏకైక రక్షకునిగ అంగీకరింపలేదు. 1938లో జర్మనీలోని యూదులకు ఆయన ఇచ్చిన సలహా వారి ఆపదకు చాలినది కాదని అనేకులు అప్పుడే చెప్పిరి. ఆయన మాట ప్రతిదియు సంఘమునకు ప్రమాణము కానేరదు. అయినను ఆయన లేవనెత్తిన ప్రశ్న లేఖనములలోనే యున్నది.

అధికారి ఖడ్గమును వ్యర్థముగ ధరింపడని రోమా పత్రిక 13వ అధ్యాయము బోధించుచున్నది. కాని ఆ ఖడ్గము కీడు చేయువానిని గుర్తించి పడవలెను. దోషిని నిర్దోషితోకూడ నాశనము చేయుట తగునా యని అబ్రాహాము సొదొమ కొరకు దేవుని యెదుటనే వాదించెను. గురుగులతోకూడ గోధుమలు పెరికివేయబడునేమోయని ఉపమానములోని యజమానుడు దాసుల చేతులను ఆపెను. అగస్టీను, అక్వీనాసు న్యాయమైన యుద్ధమును అంగీకరించినవారే; తరువాతి కాలమున ఆ సంప్రదాయము నిరాయుధులను చంపరాదనియు, నష్టము న్యాయమును మించరాదనియు హద్దులు గీసెను. పట్టణమంతటిని ఒక్క క్షణమున కాల్చు ఆయుధము ఆ హద్దులను పాటింపజాలదు.

ఈ ఆయుధము వాడుటకు కాదు, శత్రువును బెదరించి ఆపుటకే యని సైనిక నిపుణులు చెప్పుదురు. 1945 తరువాత మరియొక ప్రపంచ యుద్ధము రాకుండుటకు అదియే కారణమని నమ్ము భక్తిగల క్రైస్తవులును కలరు. వారి వాదమును ఎగతాళి చేయరాదు. కాని బెదరింపు పనిచేయవలెనన్న, వాడుటకు నిజముగ సిద్ధపడి యుండవలెను. నిర్దోషులను చంపు సంకల్పమును ప్రతి దినము హృదయములో నిలుపుకొనవలెను. నరహత్య వేరును హృదయములోనే చూపిన ప్రభువు ఆ సంకల్పమును ఎట్లు విడిచిపెట్టును? 1983లో వాంకూవరులో కూడిన ప్రపంచ సంఘముల సమితి అణ్వాయుధములను వాడుటనే కాక, తయారు చేయుటను, మోహరించుటను సహితము మానవాళికి విరోధమైన నేరమని ప్రకటించెను.

మన దేశము 1974లోను 1998లోను పోఖ్రానులో అణు పరీక్షలు జరిపెను. లోకమున నేటికిని సుమారు 12,000 అణ్వాయుధములున్నవి. సూరతునకు తూర్పున కాక్రాపారులో 1993నుండి అదే అణుశక్తి విద్యుత్తు నిచ్చుచున్నది. తెలంగాణమునుండి వెళ్ళిన తెలుగు కుటుంబములు అనేకము ఆ నగరపు మరమగ్గములనే నమ్ముకొని జీవించుచున్నవి. అణువు దేవుని సృష్టి. దానితో మగ్గమును నడుపుటయో, పట్టణమును కాల్చుటయో మానవుని హృదయము నిర్ణయించును.

శిష్యులు అగ్ని కోరిన దినమున ప్రభువు యెరూషలేము వైపు, సిలువ వైపు నడచుచుండెను. శత్రువులపై పడవలసిన అగ్నికి బదులు ఆయన వారి కొరకు తన ప్రాణమును పెట్టెను. దండి తీరమున వంగిన ఆ వృద్ధుడు ఆ సిలువ మర్మమును పూర్తిగ ఎరుగకపోవచ్చును. ఎరిగితిమని చెప్పుకొను సంఘము మాత్రము ఏ గ్రామము మీదికి అగ్నిని కోరుచున్నదో, ఎవరి ఆయుధములను ఆశీర్వదించుచున్నదో తన్ను తాను పరీక్షించుకొనవలెను. ఆ పరీక్షకు ముందుగ మోకరించుటకు తగిన వాక్యభాగము లూకా 9వ అధ్యాయములో నున్నది.