విల్లుకు విశ్రాంతినిచ్చిన ఇషి

ఏటా ఆగస్టు 9న ప్రపంచ ఆదివాసీ దినోత్సవం నాడు మా హాస్టల్ పిల్లలు విల్లంబులు పట్టుకుని ఊరేగింపులో నడుస్తారు. మర్నాడు చూస్తే ఆ విల్లులు మెట్ల కింద, చీపుళ్ల పక్కన, నారి బిగించినవి బిగించినట్టే ఉంటాయి. వచ్చే ఏడాదికి అవి పనికిరావు. బాగా చూసుకుంటే విల్లు ఎన్నేళ్లు ఉంటుందని ఓ పిల్లవాడు అడిగాడు. అప్పుడు మాకు గుర్తొచ్చిన పేరు ఇషి. మనకు ఎంతో దూరాన, అమెరికాలోని కాలిఫోర్నియాలో పుట్టిన ఆదివాసీ ఆయన. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఆయన కథ వినండి.

ఇషిది యాహీ తెగ. లాసెన్ పర్వతం దిగువన మిల్ క్రీక్, డీర్ క్రీక్ అనే రెండు వాగుల మధ్య కొండలు వాళ్ల నేల. ఆయన సుమారు 1860 ప్రాంతంలో పుట్టాడు. అప్పటికే బంగారం కోసం వచ్చిన తెల్లవాళ్లు ఆ ప్రాంతాన్ని ఆక్రమించారు. వాగుల్లో చేపలు తగ్గాయి, అడవిలో జింకలు తగ్గాయి. ఆకలికి పశువులను పట్టుకున్న యాహీలను తుపాకులతో వేటాడారు. ఇషి పసితనంలోనే ఊళ్లకు ఊళ్లు పోయాయి. మిగిలిన కొద్దిమంది దాదాపు నలభై ఏళ్లు లోయల్లో దాక్కుని బతికారు. తుపాకీ పేలితే చోటు తెలిసిపోతుంది. విల్లు చప్పుడు చేయదు. అందుకే వాళ్ల కూడూ ప్రాణమూ విల్లు మీదే ఆధారపడ్డాయి.

1908లో సర్వే మనుషులు వాళ్ల గుడిసెల మీదికి వచ్చిపడ్డారు. మిగిలింది నలుగురే. లేవలేని ముసలితల్లి మాత్రం అక్కడ ఉండిపోయింది. వచ్చినవాళ్లు గుడిసెల్లోని సామాను పట్టుకుపోయారు. తల్లి కొద్దికాలానికే చనిపోయింది. మిగతా ఇద్దరు మళ్లీ కనిపించలేదు. 1911 ఆగస్టు 29న ఓరోవిల్ ఊరి పక్కన పశువుల కబేళా దగ్గర ఇషి ఒంటరిగా, ఆకలితో దొరికాడు. ముందు జైల్లో పెట్టారు. తర్వాత వాటర్‌మన్, క్రోబర్ అనే పరిశోధకులు ఆయన్ని శాన్‌ఫ్రాన్సిస్కోలోని విశ్వవిద్యాలయ మ్యూజియానికి తీసుకెళ్లారు. తన పేరు తాను చెప్పుకోవడం యాహీల ఆచారం కాదు. పరిచయం చేయడానికి తనవాళ్లు ఎవరూ మిగల్లేదు. అందుకని వాళ్ల భాషలో మనిషి అని అర్థం వచ్చే ఇషి అన్న మాటనే క్రోబర్ ఆయనకు పేరుగా పెట్టాడు.

మ్యూజియంలో ఆయన శుభ్రం చేసే పని చేశాడు. ఆదివారాలు వచ్చినవాళ్ల ముందు బాణం మొనలు చెక్కి చూపించేవాడు. పక్కనే వైద్యకళాశాలలో ఉన్న సాక్స్‌టన్ పోప్ అనే డాక్టర్ ఆయనకు స్నేహితుడై, విలువిద్య నేర్చుకున్నాడు. ఇషి విల్లు గురించి మనకు తెలిసిందంతా ఆ డాక్టర్ రాసిపెట్టడం వల్లనే.

ఆ విల్లు పొడవు సుమారు 42 అంగుళాలు. కొండల్లో పెరిగే జూనిపర్ చెట్టు కొమ్మను చీల్చి, రాతి మీద అరగదీసి, వంపు తీర్చి, చీకటిగా పొడిగా ఉన్నచోట ఆరబెట్టేవాడు. తొందర లేకపోతే ఏళ్ల తరబడి ఆరనిచ్చేవాడు. ఆ తర్వాత సాల్మన్ చేప తోలు ఉడికించిన జిగురుతో, జింక కాలి నరాలను వీపున అతికేవాడు. విల్లు వంచినప్పుడు సాగేది ఆ వీపే. నరాలు అక్కడ ఉంటే కర్ర తేలిగ్గా విరగదు.

చేయడం ఒక ఎత్తయితే, చూసుకోవడం ఇంకో ఎత్తు. పని లేనప్పుడు నారి దించేవాడు. ఎందుకంటే వంచి ఉంచిన కర్ర ఆ వంపుకే అలవాటుపడి బలం పోగొట్టుకుంటుంది. విల్లును నిలబెట్టేవాడు కాదు, పడుకోబెట్టేవాడు. నిలబడితే అది పని చేస్తూనే అలసిపోతుందని ఆయన నమ్మకం. చలిరోజుల్లో ముందు నిప్పు సెగ చూపించి, అప్పుడు నారి ఎక్కించేవాడు. తడిలో, తప్పనిసరైతే తప్ప బాణం వేసేవాడు కాదు, తేమకు నరం సాగిపోతుందని. పిల్లలు దాన్ని దాటితే ఒప్పుకునేవాడు కాదు. ఆడవాళ్లు ముట్టకూడదన్న నియమం కూడా ఆయనకు ఉంది. ఆ ఒక్కటి మాత్రం మా ఆడపిల్లలకు మేము నేర్పం.

ఇషి క్షయతో 1916 మార్చి 25న కన్నుమూశాడు. స్నేహితులు ఆయన పెట్టెలో ఒక విల్లు, ఐదు బాణాలు పెట్టి దహనం చేశారు. అయితే అంతకుముందే, ఆచారానికి విరుద్ధంగా శరీరాన్ని కోసి మెదడు తీసి దాచారు. అది 2000లో గానీ ఆయనకు బంధుత్వమున్న తెగల చేతికి రాలేదు. ఆయన చేసిన వస్తువులు మాత్రం నూరేళ్లు దాటినా బర్క్‌లీ మ్యూజియంలో ఉన్నాయి.

కాబట్టి ఆ పిల్లవాడికి మేము చెప్పిన జవాబు ఇది. విల్లు వయసు కర్రలో సగం, చూసుకునే చేతిలో సగం. నారి దించని విల్లు ఒక్క వానాకాలానికే పోవచ్చు. దించి, తేమ తగలకుండా పెట్టుకున్నది ఏళ్ల తరబడి పనికొస్తుంది. అద్దాల పెట్టెలో ఇంకా ఎక్కువకాలం ఉంటుంది గానీ, అక్కడ దాన్ని ఎక్కుపెట్టేవాళ్లు ఉండరు. ఇషికి చివరిదాకా విద్య ఉంది, నేర్పడానికి తన తెగ పిల్లవాడే లేడు. మనకు అలా కాదు. తాతలు ఉన్నారు, పిల్లలు ఉన్నారు. కానీ ఆ పిల్లలు ఏడాదిలో ఎక్కువ రోజులు మా దగ్గర హాస్టల్లో ఉంటారు, తాతలు ఊళ్లో ఉంటారు. ఈ ఎడానికి మేమూ బాధ్యులమే అని ఒప్పుకుంటున్నాం.

వేటను చట్టం ఒప్పుకోదు, మేమూ వేటకు పొమ్మనడం లేదు. ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మాత్రం తాత పక్కన కూర్చోండి. ఏ వెదురు కొట్టాలో, ఎన్నాళ్లు ఆరబెట్టాలో, నారి ఎప్పుడు దించాలో అడిగి, ఒక్క విల్లు మీ చేతులతో చేయండి. ఆగస్టు 10న దాని నారి దించడం మరవకండి. మేము మెట్ల కింద చూస్తాం.