ఫ్రీడ్రిఖ్ మీషర్

బందరు చెంతనున్న గిలకలదిండి వంటి రేవులలో చేపలను కోయువారు ఆడచేప కడుపులోని జనను జాగ్రత్తగా వేరుచేసి యుంచుదురు. మగచేప కడుపులోని తెల్లని రేతస్సును అంతగా లెక్కచేయరు. అట్టి రేతస్సునందే జీవరహస్యమును వెదకిన శాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిఖ్ మీషర్.

ఆయన 1844వ సంవత్సరము ఆగస్టు 13వ తేదీన స్విట్జర్లాండు దేశమందలి బాజెల్ నగరమున జన్మించెను. తండ్రి వైద్యశాస్త్రాచార్యుడు, మేనమామ విల్‌హెల్మ్ హిస్ శరీరనిర్మాణ శాస్త్రమున పేరుమోసిన పండితుడు. మీషర్ 1868లో వైద్యపట్టమును పొందెను. కాని ఆయనకు వినికిడి మందము. రోగి గుండెచప్పుడు సరిగా వినలేని వైద్యుడు చికిత్స యెట్లు చేయగలడు? అందుచే ఆయన జీవకణముల రసాయనశాస్త్రము వైపు మరలెను.

జర్మనీలోని ట్యూబింజెన్ పట్టణమున హోప్పె-సైలర్ అను ఆచార్యుని ప్రయోగశాల ఒక పాతకోటలో నుండెను. మీషర్ అచ్చట చేరి, సమీపమందలి వైద్యశాల నుండి చీముతో తడిసిన కట్లను తెప్పించుకొనెడివాడు. ఇతరులు ముక్కు మూసుకొను వస్తువే ఆయనకు ముడిసరుకు. ఆ చీములోని కణములను కడిగి, పంది జీర్ణాశయము నుండి తీసిన పెప్సిన్‌తో మాంసకృత్తులను కరగింపగా, 1869లో కణకేంద్రకము నుండి ఒక క్రొత్త పదార్థము లభించెను. అందు భాస్వరము మెండుగా నుండెను. మీషర్ దానికి న్యూక్లీన్ అని పేరిడెను. నేడు డి.ఎన్.ఏ. అని పిలువబడునది అదియే.

గురువు వెంటనే నమ్మలేదు. శిష్యుని ప్రయోగములను తానే మరల చేసి చూచి, నిజమని తేలిన పిదపనే 1871లో ప్రచురించెను. ఇది కఠినముగా తోచవచ్చును గాని, అంత క్రొత్త మాటను పరీక్షింపక లోకమునకు చెప్పకపోవుట న్యాయమే.

1872లో మీషర్ బాజెల్‌లో ఆచార్యుడయ్యెను. ఆ నగరము మీదుగా రైను నది ప్రవహించును. వరదకాలమున పులస గోదావరికి ఎదురెక్కినట్లే, ఆనాడు సాల్మన్ చేపలు సముద్రము నుండి రైనులో ఎదురీది వచ్చుచుండెను. ఆ ప్రయాణమున అవి ఆహారము ముట్టవు. కండలు కృశించుచుండగా బీజకోశములు పెరుగును. శుక్రకణపు తల యనగా దాదాపు కేంద్రకమే. కావున న్యూక్లీన్ కొరకు చీముకంటె మేలైన గని దొరికెను. అయితే వెచ్చదనమున ఆ పదార్థము చెడిపోవును. మీషర్ తెల్లవారక మునుపే లేచి, కిటికీలు తెరచి, ఎముకలు కొరుకు చలిలో పనిచేసెడివాడు. పెండ్లినాడు సైతము ప్రయోగశాలలోనే యుండిపోగా మిత్రులు వెదకి తెచ్చిరని ఒక కథ కలదు.

ఆ శ్రమ ఫలించెను. ఆమ్లస్వభావముగల న్యూక్లీన్‌తో క్షారస్వభావముగల వేరొక పదార్థము జతకూడి యున్నదని 1874లో ఆయన తెలిపెను. దానికి ప్రోటమిన్ అని పేరు పెట్టెను.

ప్రోటమిన్ చేయు పని తరువాతి తరములవారికి తెలిసెను. అది చిన్న మాంసకృత్తు. సాల్మన్ ప్రోటమిన్‌లోని 32 అమైనో ఆమ్లములలో 21 ఆర్జినిన్‌లే. ఆర్జినిన్‌కు ధనవిద్యుత్తు కలదు, డి.ఎన్.ఏ. పోగునందలి ఫాస్ఫేట్లకు ఋణవిద్యుత్తు కలదు. ఋణవిద్యుత్తుగల భాగములు ఒకదానినొకటి నెట్టుకొనుటచే పోగు దగ్గరగా ముడుచుకొనలేదు. ప్రోటమిన్ వచ్చి అంటుకొనగానే ఆ నెట్టుకొనుట అణగిపోవును. పోగు చుట్టలు చుట్టలుగా ఒదుగును. ఇతర కణములలో డి.ఎన్.ఏ. హిస్టోన్‌లు అను మాంసకృత్తులకు చుట్టుకొని యుండును. శుక్రకణము పక్వమగునపుడు వానిలో అధికభాగము తొలగి, ప్రోటమిన్‌లు వాని చోటును పొందును. కుప్పగా పడవేసిన వల పడవనంతను ఆక్రమించును. పొందికగా మడచిన వల ఒక మూలన ఇమిడిపోవును. మానవ శుక్రకణమున సుమారు ఒక మీటరు డి.ఎన్.ఏ., మిల్లీమీటరులో 200వ వంతు పొడవుగల తలలో ఇట్లే ఇముడును. అండముతో కలిసిన పిదప ప్రోటమిన్‌లు తొలగగా, తల్లికణములోని హిస్టోన్‌లు మరల వచ్చి చేరును. అప్పుడే తండ్రి లక్షణముల లిపి చదువుటకు వీలగును.

గర్భధారణకు ఒకే పదార్థము కారణమైనచో అది న్యూక్లీనే కావలెనని మీషర్ 1874లో తలచెను. కాని ఆ తలపును నమ్మలేక విడిచిపెట్టెను. సత్యపు గడపదాక వచ్చి వెనుదిరిగినట్లయ్యెను. వంశలక్షణములను మోయునది డి.ఎన్.ఏ.యే యని 1944లో ఏవరీయు సహచరులును సూక్ష్మజీవులపై ప్రయోగములతో చూపిరి.

ఎడతెగని శ్రమచే మీషర్ దేహము క్షీణించెను. క్షయవ్యాధి సోకి, 1895వ సంవత్సరము ఆగస్టు 26వ తేదీన, 51వ ఏట, దావోస్ పట్టణమున ఆయన మరణించెను. సాల్మన్ రేతస్సు నుండి ఆయన తీసిన న్యూక్లీన్ ఒక గాజుగొట్టమున ట్యూబింజెన్‌లో నేటికిని భద్రముగా నున్నది.