లూయీ బ్రెయిలు గారి చరిత్రము

అంధులకు వ్రాతను ప్రసాదించిన లూయీ బ్రెయిలు గారు 1809వ సంవత్సరము జనవరి 4వ తేదీన ఫ్రాన్సు దేశమందలి కూవ్రే గ్రామమున జన్మించిరి. తండ్రి గుఱ్ఱపు జీనులు కుట్టువాడు. మూడవయేట తండ్రి దుకాణములోని మొనగల పనిముట్టు కంటికి గ్రుచ్చుకొనగా, క్రమముగా రెండు కన్నులును పోయెను. 1819లో పారిసునందలి అంధ విద్యాలయమున చేరి, సైనికాధికారియగు బార్బియే గారి పండ్రెండు చుక్కల వ్రాతను సంస్కరించి, పదునైదవయేటనే ఆరు చుక్కల లిపిని కూర్చిరి.

అంధ బాలురు దానిని మక్కువతో నేర్చిరి. చూపుగల అధ్యక్షులు డ్యుఫో గారు మాత్రము దానిని నిషేధించిరి. అయినను బాలురు రహస్యముగా వ్రాయుచునే యుండిరి. అధ్యక్షుల సహాయకులు గ్వాదే గారు చూపుగలవారయ్యు తామును ఆ లిపిని నేర్చి, దాని మేలు గ్రహించి, అధ్యక్షులకు నచ్చజెప్పిరి. 1844లో నూతన భవన ప్రారంభోత్సవమున ఆ లిపి సభాముఖమున ప్రదర్శింపబడెను. బ్రెయిలు గారు 1852 జనవరి 6వ తేదీన మృతినొందిరి. 1854లో ఫ్రాన్సు దేశము వారి లిపిని స్వీకరించెను.

పలకపై కాగితముంచి మొనతో పొడుచునపుడు కుడినుండి యెడమకు వ్రాయవలెను. కాగితము త్రిప్పి యెడమనుండి చదువవలెను. కావున చూపుగల గుమాస్తా ప్రతి యక్షరమును అద్దములోని నీడవలె త్రిప్పి వ్రాయ నభ్యసింపవలెను. ఈ శ్రమ వ్యర్థము కాదు. తన జాబును పరులచే చదివించుకొనువానికి రహస్య మెక్కడిది? బాలబాలికలారా, ఈ చుక్కలు అంధులకే గాక, వారికి జాబు వ్రాయదలచిన మనకును నేర్వదగినవని మేము తలంచుచున్నాము.