గిటారు శిల్పి ఆంటోనియో టోరెస్

వైణికుల పేర్లు మనవారికి కంఠస్థములు. వారి చేతిలోని వీణలను మలచిన వడ్రంగుల పేర్లడిగినచో చెప్పగలవారు అరుదు. పాశ్చాత్య దేశములలోను ఇంచుమించు ఇదే స్థితి. కాని వయొలిను అనగానే ఇటలీవాడైన స్ట్రాడివారి జ్ఞప్తికి వచ్చినట్లు, గిటారు అనగానే స్మరింపదగిన శిల్పి యొకడు కలడు. ఆయన స్పెయిన్ దేశీయుడు, ఆంటోనియో దె టోరెస్ హురాదో. శాస్త్రీయ సంగీత సభలలో నేడు మనము చూచు గిటారు కొలతలకును, లోపలి కట్టడమునకును ఆయన చేసిన వాద్యములే ఒజ్జబంతి.

టోరెస్ 1817 జూన్ 13న దక్షిణ స్పెయిన్‌లో అల్మేరియా పట్టణమునకు చేరువనున్న లా కాన్యాదా గ్రామమున జన్మించెను. తండ్రి పన్నులు వసూలు చేయు చిన్న ఉద్యోగి. 12వ యేట బాలుని వడ్రంగము నేర్చుకొనుటకు పెట్టిరి. 1833లో సింహాసనము కొఱకు దేశమున అంతర్యుద్ధము రేగెను. మఱుసటి యేడు టోరెస్‌కు సైన్యము నుండి పిలుపు వచ్చెను. తండ్రి నానాతంటాలు పడి, ఆరోగ్యము చాలదను కారణముపై కుమారుని విడిపించుకొనెను. అయినను భయము తీరలేదు. అవివాహితులను, సంతులేని భార్యావియోగులను మాత్రమే సైన్యమున చేర్చుకొనుచుండిరి గనుక, తప్పించుకొనుటకు పెండ్లియే మార్గమని పెద్దలు తలంచిరి. 1835లో ఒక దుకాణదారుని కుమార్తెయగు 13 ఏండ్ల హువానా మరియాతో హడావుడిగా వివాహము జరిపించిరి.

తరువాతి పదియేండ్లు దుఃఖపరంపర. ముగ్గురు ఆడపిల్లలు పుట్టగా ఇద్దరు గతించిరి. 1845లో భార్య 23 ఏండ్లకే క్షయవ్యాధితో మరణించెను. అప్పులవారి ఒత్తిడి వేఱు. ఇట్టి స్థితిలో ఆయన సెవిల్లె నగరము చేరెను. అచట తాళములు చేయువారి పేర వెలసిన వీధిలో, మాన్యుయెల్ సోతో అను గిటారుల పనివానితో కలిసి పనిచేసెను. గిటారు నిర్మాణమునే జీవితవృత్తిగా గైకొనవలెనని ఆయనను ప్రోత్సహించినవాడు అల్మేరియా ప్రాంతీయుడే యగు ప్రసిద్ధ వాదకుడు హూలియాన్ ఆర్కాస్. వాదకుని చెవి, వడ్రంగి చేయి కలిసిన తరుణమది.

నాటి గిటారు చిన్నది, నాదము సున్నితము. గదిలో నలుగురి నడుమ ఇంపుగా వినిపించినను, పెద్దశాలలో వెనుక వరుసలకు అందెడిది కాదు. టోరెస్ వాద్యపు బొజ్జను పెంచెను. తంత్రుల కంపించు పొడవును సుమారు 65 సెంటీమీటర్లుగా స్థిరపఱచెను. పెద్దదైన పైపలకను మందముగా చేసినచో నాదము మూగవోవును. పలుచగా చేసినచో తంత్రుల లాగుడుకు ఓర్వలేదు. అందుచే ఆయన స్ప్రూస్ పలకను పలుచగా చిత్రిక పట్టి, కొంచెము ఉబ్బెత్తుగా వంచి, లోపలివైపున విసనకఱ్ఱ ఈనెలవలె ఏడు సన్నని బద్దలను అంటించెను. ఈ విసనకఱ్ఱ పద్ధతిని ఆయనయే కనిపెట్టెనని కొందఱు వ్రాయుదురు. అది సరికాదు. అంతకు ముందటి తరమున కాదిజ్, సెవిల్లె పనివారు దానిని ఎఱుగుదురు. ఉన్నదానికి తూకము కుదిర్చి పరిపూర్ణత చేకూర్చుట టోరెస్ ఘనత. నా దృష్టిలో అదేమియు తక్కువ గొప్ప కాదు. 1856లో ఆయన చేసిన గిటారుకు ఆడుసింహమను అర్థమున లా లెయోనా అని పేరు వచ్చెను.

ఇక అలంకారము మాట. గిటారు ముఖమున నడిమి రంధ్రము చుట్టును కన్పట్టు చిత్రవలయమును చూచి రంగుపూత యని అనేకులు భ్రమింతురు. అది పొదుగుపని. వేర్వేరు రంగుల సన్నని కొయ్యపేళ్ళను జిగురుతో కట్టగా అంటించి, ఆ కట్టను అడ్డముగా పలుచని బిళ్ళలుగా కోయుదురు. ప్రతి బిళ్ళ మొగమునను ఆవగింజలంతటి చదరములతో చిత్తరువు తేలును. పైపలకలో గుండ్రముగా గాడి తీసి, బిళ్ళలను ఒకదాని ప్రక్క నొకటి కూర్చి, జిగురు ఆరిన పిదప పలకతో సమమగు వఱకు గీకుదురు. పలక మందమే రెండు రెండున్నర మిల్లీమీటర్లు. ఉలి రవంత లోతుగా దిగినచో పలక చిల్లుపడును. పైపైన తీసినచో గీకునపుడు చిత్రమే చెరగును. ముత్యపుచిప్పను పొదుగవలసి వచ్చినచో పని ఇంకను కష్టము, అది పెళుసు. అంచుల వెంబడి పొదుగు చారలు మాత్రము అందమునకే గాక అవసరమునకును పనికివచ్చును. అవి అతుకులను కప్పి, చెమ్మ నుండియు దెబ్బల నుండియు మ్రాను కొసలను కాపాడును.

ఈ విద్యలో టోరెస్ అసమానుడు. 1858లో సెవిల్లె ప్రదర్శనకు ఆయన సమర్పించిన గిటారు నగిషీతో నిండినది. దానికి కంచు పతకము లభించెను. ధనికులు కోరిన అట్టి వాద్యములను ఆయన ఓపికతో చేసి యిచ్చెను. బీదవాదకులకు చవుక మ్రానితో, స్వల్పాలంకారముతో చేసి యిచ్చెను. వెల హెచ్చునది పైకి కనబడు పొదుగుపనికి, దొరకుట అరుదైన మ్రానికి; పాడునది ఎవరికిని కనబడని లోపలి బద్దలతో కూడిన పలక. ఈ వైరుధ్యము ఆ శిల్పి మనస్సును తొలుచుచుండెనేమో!

1862లో ఆయన ఒక వింతపని చేసెను. పైపలకను ఎప్పటివలె కొయ్యతో చేసి, వెనుకభాగమును ప్రక్కలను కాగితపు అట్టతో నిర్మించెను. నాదమునకు ముఖ్యాధారము పైపలకయే యని నిరూపించుట ఆయన ఉద్దేశము. పతకము తెచ్చిన నగిషీ గిటారు వెలువడి అప్పటికి నాలుగేండ్లే. ఐతే దీనినిబట్టి వెనుకపలక వ్యర్థమని టోరెస్ తలంచెననుట పొరపాటు. తరువాతను ఆయన మేలిజాతి మ్రాకులను ఏఱి వాడుచునే యుండెను. ఆ అట్టగిటారు బార్సిలోనా సంగీత ప్రదర్శనశాలలో కలదు. అది ఇప్పుడు వాయించుటకు వీలుకాని స్థితిలో నున్నది.

1869లో ఫ్రాన్సిస్కో టారెగా అను 17 ఏండ్ల యువకుడు గిటారు కొనగోరి టోరెస్ కర్మశాలకు వచ్చెను. శిల్పి మొదట ఒక సామాన్యమైన వాద్యమును చూపెనట. యువకుని వాదనము చెవినిబడగానే దానిని ప్రక్కకు పెట్టి, 1864లో చేసి తనకై దాచుకొన్న గిటారును లోపలి నుండి తెచ్చి యిచ్చెనని చెప్పుదురు. పెక్కేండ్లు టారెగా కచేరీలకు అదియే తోడు. గిటారును సభాగౌరవమునకు ఎత్తిన మహావాదకులలో టారెగా అగ్రగణ్యుడు.

ఇంతటి కీర్తియు ఇల్లు గడపలేదు. 1868లో పునర్వివాహము చేసికొన్న టోరెస్, కొలది కాలమునకే సెవిల్లె విడిచి అల్మేరియాకు మరలి, పింగాణి, గాజు సామానుల దుకాణము తెఱచెను. ఐరోపాలో సాటిలేని గిటారు శిల్పి గిన్నెలు, గ్లాసులు అమ్ముకొనెను! 1875 నుండి మరల ఉలి పట్టి, ఆనాటి నుండి చేసిన వాద్యములలో రెండవ యుగమని చీటీ అంటించెను. 1883లో రెండవ భార్యయు గతించెను. వార్ధక్యమున హువాన్ మార్తీనెజ్ సిర్వెంత్ అను క్రైస్తవాచార్యుడు ఆయనకు పనిలో సాయపడెను. ఆ ఆచార్యుడు 1931లో వ్రాసిన ఒక లేఖలో ముచ్చట యొకటి కలదు. ఒక విందులో ఎవరో ఆ విద్య రహస్యమును లోకమునకు విడిచిపొమ్మని టోరెస్‌ను కోరిరట. తన రహస్యము బొటనవ్రేలి, చూపుడువ్రేలి కొసలలో నున్నదనియు, పలకను పట్టి చూచినపుడు ఆ వ్రేళ్ళు తన బుద్ధికి చెప్పు సంగతిని వేఱొకరికి ఇచ్చుట తన తరము కాదనియు ఆయన బదులు చెప్పెనట.

1892 నవంబరు 19న టోరెస్ మరణించెను. ఆయన చేసినవి 300కు పైగా నుండునని అంచనా. నేడు జాడ తెలిసినవి దాదాపు 90. మాడ్రిడ్‌లో మాన్యుయెల్ రామిరెజ్ ఆ కొలతలను అనుసరించెను. ఆయన కర్మశాలలో తయారై 1912లో సెగోవియా చేతికి వచ్చిన గిటారు ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియమున నున్నది. ఇంగ్లండున స్థిరపడిన గిటారు శిల్పి హోసే రోమానిల్యోస్ టోరెస్ వాద్యములను పరిశోధించి, 1987లో ఆయన జీవితమును, పనిని గూర్చి గ్రంథము ప్రకటించెను. ఆ కొలతలతో పలకలు కోయువారు నేడు అనేక దేశములలో కలరు. కాని ఒకే మ్రానినుండి తీసిన రెండు పలకలకైనను బిగువు ఒక్కటిగా నుండదు. అందుచే కొలతబద్దను ప్రక్కనబెట్టి, పలకను వ్రేళ్ళతో వంచి, తట్టి చూచుకొనుట వారికిని తప్పుట లేదు.