చెరలో మారిన హృదయము: జేకబ్ డీషేజర్



శత్రువులనుగూర్చి మన ప్రభువు కొండమీద ఇచ్చిన ఆజ్ఞను (మత్తయి 5:44) చదువుట సులభము. శత్రువు చేతిలో చిక్కియుండి దానిని చేసిచూచిన ఒక యుద్ధవిమాన సైనికుని చరిత్రను మధురానగర్ సంఘస్థుల నిమిత్తము ఈ మాసము వ్రాయుచున్నాము.

1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు మన విశాఖపట్టణము మీదను, కాకినాడ మీదను బాంబులు వేసినవి. పెద్దలు ఆ దినమును చాలకాలము చెప్పుకొనిరి. తరువాత పండ్రెండు దినములకు అమెరికావారి విమానములు 16, హార్నెట్ అను ఓడ మీదనుండి లేచి, జపాను పట్టణముల మీద బాంబులు వేసినవి. కడపటి విమానములో బాంబులు వదలు పని జేకబ్ డీషేజర్‌ది.

ఆయన 1912లో ఆరెగాన్ రాష్ట్రములో జన్మించెను. రెండేండ్ల వయస్సున తండ్రి పోయెను. ఆయన పెరిగిన ఊరి పేరు మద్రాసు! అమెరికాలో ఈ పేరు చూచి మేమును ఆశ్చర్యపడితిమి. తల్లి భక్తిగలది, కుమారుడు మాత్రము దేవుని విడిచి తిరిగెను. 1941 డిసెంబరులో పెర్ల్ హార్బరు మీద జపానువారు దాడిచేసిన వార్త వచ్చినప్పుడు ఆయన సైనికుల వంటశాలలో బంగాళాదుంపలు ఒలుచుచుండెను. ఆ గడియలోనే జపానువారిమీద పగ పుట్టెను.

ఆయన విమానము నగోయా పట్టణముమీద బాంబులు వేసెను. అది ఆయనకు ఎన్నడును కీడుచేయని జనుల ఊరు. పెట్రోలు అయిపోగా ఐదుగురును రాత్రివేళ చైనాలో పారాచూట్లతో దుమికి, జపాను సైన్యమునకు చిక్కిరి. ఆ దాడిలో పట్టుబడినవారు మొత్తము ఎనమండుగురు. వారిలో ముగ్గురిని 1942 అక్టోబరు 15న కాల్చి చంపిరి. ఆయన విమానము నడిపిన ఫారో వారిలో ఒకడు. మరుసటి సంవత్సరము మీడర్ అనువాడు తిండిలేక, రోగముతో చెరలోనే మరణించెను. డీషేజర్ 40 నెలలు చెరలో ఉండెను. అందులో 34 నెలలు ఒంటరి గదిలో. మాటలాడువారు లేనిచోట పగకు మేత కావలసినంత దొరుకును.

1944లో కావలివారు ఆయనకు ఒక బైబిలు ఇచ్చిరి, మూడు వారములకే. చీకటి గదిలో, ఉన్న కొద్దిపాటి వెలుతురులో దానిని మరల మరల చదివి, భాగములు కంఠస్థము చేసెను. జూన్ 8న రోమా 10:9 చదువుచు ప్రభువును ఒప్పుకొనెను. మన ఇంట బైబిలు ఏండ్ల తరబడి అలమారలో నుండును గదా!

అయితే ఆ దినముకంటె తరువాతి సంగతియే మాకు గొప్పదిగా తోచుచున్నది. ఒక కావలివాడు ఆయనను గదిలోనికి నెట్టి, తలుపు వేయుచు ఆయన వట్టి పాదమును దానిలో ఇరికించి, మేకుల బూటుతో తన్నెను. పగ మరల పైకి వచ్చెను. అప్పుడు ప్రభువు ఆజ్ఞ జ్ఞాపకమునకు వచ్చెను. మరునాటి ఉదయము వాడు రాగా, వాని భాషలోనే మర్యాదగా పలుకరించెను. వాడు వింతగా చూచి వెళ్లెను. మరునాడును అట్లే, ఆ తరువాతను అట్లే. కొన్ని దినములకు వాడు తలుపునొద్ద నిలిచి తన ఇంటి సంగతులు చెప్పసాగెను. ఒకనాడు ఉడికించిన గెనుసుగడ్డ తెచ్చి ఇచ్చెను. ఆకలితో ఎండిన ఖైదీకి అది విందే.

1945 ఆగస్టు 20న విడుదల కలిగెను. సియాటిల్‌లో చదువు ముగించి, 1948 డిసెంబరులో భార్యాబిడ్డలతో మిషనరీగా జపానుకే తిరిగి వెళ్లెను. ఆయన సాక్ష్యమును అచ్చువేసిన చిన్న కరపత్రము టోక్యో రైలుస్టేషనులో ఒకని చేతికి వచ్చెను. అతడు ఫుచిదా, పెర్ల్ హార్బరు మీది దాడికి విమానములను నడిపించినవాడే. దానిని చదివి, బైబిలు కొనుక్కొని, అతడును క్రీస్తును నమ్మెను. 1950లో ఇద్దరును కలిసికొనిరి.

1959లో డీషేజర్ నగోయాకు వెళ్లి, తాను బాంబులు వేసిన ఆ పట్టణములోనే ఒక సంఘమును స్థాపించెను. 1977 వరకు జపానులో సేవచేసి స్వదేశము చేరి, 2008 మార్చి 15న, 95 ఏండ్ల వయస్సున ప్రభువునందు నిద్రించెను.