బాలుస్వామి దీక్షితులు
కర్ణాటక సంగీతమున ఫిడేలును ప్రవేశపెట్టిన ఆద్యులలో బాలుస్వామి దీక్షితులు (1786–1858) ముఖ్యులు. వీరు హంసధ్వని రాగమును కల్పించిన రామస్వామి దీక్షితుల కుమారులు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ములు. మదరాసు చెంత మణలి ముదలియారుల ఆశ్రయమున నుండగా, ఆంగ్లేయుల బ్యాండు వాయించు చిన్న చిన్న గతులు ఈ సోదరుల నాకర్షించెను. అన్నగారు ఆ వరుసలకు సంస్కృత సాహిత్యము కూర్చిరి, అవియే నోట్టుస్వరములు. తమ్ములు ఆ పరదేశ వాద్యమునే చేపట్టి, మూడేండ్లు ఐరోపీయ గురువునొద్ద అభ్యసించిరి. మెట్లు లేని తంత్రులపై గమకము జాఱుగా పలుకుటచే, ఫిడేలు గాత్రమునకు సహజమైన తోడయ్యెను.

పిమ్మట వీరు ఎట్టయపురము ఆస్థాన విద్వాంసులైరి. అన్నగారు 1835లో అచ్చటనే దివంగతులైరి. వీరు దత్తత గైకొని విద్య గఱపిన దౌహిత్రుడు సుబ్బరామ దీక్షితులు 1904లో తెలుగున వెలువరించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని, ముత్తుస్వామి కృతుల నెన్నింటినో స్వరసహితముగ నిలిపెను. పరవాద్యమునకు తలుపు తెఱచిన యిల్లే స్వసంప్రదాయమునకు కావలి యయ్యెను.